ఊరి సహకార బ్యాంకు, పరపతి సంఘం: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న పట్టణాల్లోని అర్బన్ బ్యాంకులు, పరపతి సంఘాలు, సింగిల్ విండోల గురించి మళ్లీ మళ్లీ ఎదురయ్యే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠకులను దృష్టిలో పెట్టుకుని రాసినవి ఇవి. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు, అందుకే కొన్ని విషయాలు ఒకటికి రెండుసార్లు కనిపిస్తాయి. ఊరికి సొంత బ్యాంకు ఉండాలని గట్టిగా నమ్మేవాడిని నేను. బోర్డు చూసి కాకుండా లైసెన్సు చూసి డబ్బు వేయాలని అంతకంటే గట్టిగా నమ్ముతాను.

## ఖాతా తెరవకముందు

మా ఊళ్లో ఒక ఆఫీసు బోర్డు మీద ‘కోఆపరేటివ్’ అని ఉంది. అది బ్యాంకా, సొసైటీయా? ఎలా తెలుసుకోవాలి?

పేరులో ‘బ్యాంకు’ అన్న మాట ఉందో లేదో ముందు చూడండి. రిజర్వు బ్యాంకు లైసెన్సు లేని సహకార సంఘం తన పేరులో ఆ మాట వాడటం చట్టవిరుద్ధం. అయినా కొన్ని సంఘాలు వాడుతున్నాయని 2021 నవంబరులో రిజర్వు బ్యాంకే ప్రజలను హెచ్చరించింది. కాబట్టి పేరు ఒక్కటే చాలదు. లోపలికి వెళ్లి రెండు అడగండి: రిజర్వు బ్యాంకు లైసెన్సు నకలు గోడ మీద ఉందా? డిపాజిట్ బీమా సంస్థ డీఐసీజీసీ జాబితాలో మీ పేరు ఉందా? నిజమైన బ్యాంకు మేనేజరు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు, వేలితో గోడ వైపు చూపిస్తాడు. బీమా ఉన్న బ్యాంకుల జాబితా డీఐసీజీసీ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. ఆ జాబితాలో పేరు లేకపోతే అది బ్యాంకు కాదు.

డిపాజిట్ రసీదు కూడా చాలా చెబుతుంది. మెరిసే కాగితం మీద పెద్ద అక్షరాలతో సంస్థ పేరు, ఎత్తుగా ముద్రించిన ముద్ర ఉంటాయి. కింద చిన్న అక్షరాల్లో ‘సభ్యుల నుంచి మాత్రమే స్వీకరించే డిపాజిట్’ అని ఉంటే అది సొసైటీ. కౌంటరు దగ్గర పది రూపాయలో యాభయ్యో ‘సభ్యత్వ రుసుము’ తీసుకుని మిమ్మల్ని సభ్యులుగా రాసుకున్నది అందుకే.

అర్బన్ బ్యాంకు, డీసీసీబీ, ఆప్కాబ్, సింగిల్ విండో... అన్నీ ఒకటేనా?

కావు. పట్టణ సహకార బ్యాంకు, అంటే మనం అర్బన్ బ్యాంకు అనేది, ఊరి వ్యాపారులు, ఉద్యోగులు, చేతివృత్తులవారు కలిసి పెట్టుకున్న స్వతంత్ర బ్యాంకు. దీనికి రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉంటుంది.

వ్యవసాయం వైపు మూడు అంచెలు ఉన్నాయి. గ్రామస్థాయిలో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం, ఉమ్మడి జిల్లా స్థాయిలో జిల్లా సహకార కేంద్ర బ్యాంకు (డీసీసీబీ), రాష్ట్ర స్థాయిలో అపెక్స్ బ్యాంకు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పై అంచె ఆప్కాబ్, తెలంగాణలో తెలంగాణ రాష్ట్ర సహకార అపెక్స్ బ్యాంకు. ఆంధ్రప్రదేశ్‌లో 13, తెలంగాణలో 9 జిల్లా కేంద్ర బ్యాంకులు ఉన్నాయి. పై రెండు అంచెలూ బ్యాంకులే, వాటిలోని డిపాజిట్లకు బీమా ఉంది. కింది సంఘం బ్యాంకు కాదు, దానిలో వేసిన డిపాజిట్‌కు డీఐసీజీసీ బీమా లేదు. సంఘం, జిల్లా బ్యాంకు శాఖ ఒకే ఆవరణలో పక్కపక్కనే ఉన్నచోట చాలామంది పొరబడతారు. డబ్బు కట్టే ముందు రసీదు మీద ఏ పేరు ఉందో చదవండి.

స్వల్పకాలిక పంట రుణం ఒకచోట, దీర్ఘకాలిక రుణం మరోచోట తిరగాల్సిన అవసరం లేకుండా 1987లో ఉమ్మడి రాష్ట్రం రెంటినీ ఒకే గూటికి తెచ్చింది. ‘సింగిల్ విండో’ అన్న పేరు అప్పటిదే. తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ సంఘాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు.

గ్రామీణ బ్యాంకు కూడా సహకార బ్యాంకేనా?

కాదు. గ్రామీణ బ్యాంకులో కేంద్రానికి 50 శాతం, స్పాన్సర్ బ్యాంకుకు 35 శాతం, రాష్ట్రానికి 15 శాతం వాటా ఉంటుంది. ఖాతాదారులకు యాజమాన్యం ఉండదు. 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. అదే ఏడాది మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. పాత పాసుపుస్తకం ఉన్నవారు మారిన ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌ను శాఖలో అడిగి తెలుసుకోవడం మంచిది.

వీధి చివరే జాతీయ బ్యాంకు ఉంది. మళ్లీ ఈ చిన్న బ్యాంకు ఎందుకు?

జీతం ఖాతా, విదేశాల నుంచి వచ్చే డబ్బు, పెద్ద గృహరుణం వంటి వాటికి పెద్ద బ్యాంకే సౌకర్యం. ఊరి బ్యాంకు విలువ అప్పు దగ్గర తెలుస్తుంది. దుగ్గిరాల పసుపు వ్యాపారికి డబ్బు ఏ నెలల్లో చేతికొస్తుందో, చీరాల మగ్గం మీద చీర దిగాక షావుకారు ఎన్నాళ్లకు చెల్లిస్తాడో, సిరిసిల్లలో ఆర్డర్లు ఎప్పుడు ఆగిపోతాయో ఆ ఊళ్లో పుట్టి పెరిగిన మేనేజరుకు కాగితం చూడకుండానే తెలుసు. జీతం స్లిప్పు లేని మనిషికి అప్పు పుట్టేది అటువంటి ఎరుక ఉన్నచోటే. పెద్ద బ్యాంకులో మేనేజరు మూడేళ్లకు బదిలీ అవుతాడు. అతను మంచివాడే కావచ్చు, ఊరిని అర్థం చేసుకునేలోపు వెళ్లిపోతాడు.

ఇదే బలం బలహీనత కూడా అవుతుంది. ముఖపరిచయం మీద మంజూరైన అప్పు మొహమాటం వల్ల వసూలు కాకుండా పోవచ్చు. ఊరి బ్యాంకును ఎంచుకునేటప్పుడు వసూళ్లలో మొహమాటం లేని బ్యాంకును ఎంచుకోండి.

మ్యాక్స్ సొసైటీ అని విన్నాం. ప్రభుత్వ గుర్తింపు ఉందంటున్నారు, నిజమేనా?

రిజిస్ట్రేషను ఉంటుంది, నిజమే. 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద ప్రభుత్వ జోక్యం ఎక్కువైందని, సభ్యులే పూర్తిగా నడుపుకునే సంఘాల కోసం 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం (ఇంగ్లిషు పొట్టిపేరు మ్యాక్స్) తెచ్చింది. దేశంలో ఇటువంటి చట్టాల్లో అదే మొదటిది. ప్రభుత్వ వాటాధనం తీసుకోకుండా, సభ్యుల పొదుపుతోనే నడవడం దాని ఉద్దేశం. పాత వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో మహిళల పొదుపు సంఘాలు ఈ స్ఫూర్తితో నిలదొక్కుకున్నాయి.

చట్టం మంచిదే. దాని కింద నమోదైన ప్రతి సంఘమూ మంచిదని అర్థం కాదు. రిజర్వు బ్యాంకు పర్యవేక్షణ లేదు, డిపాజిట్ బీమా లేదు, సహకార శాఖ అధికారాలు కూడా పరిమితం. ఒకరినొకరు ఎరిగిన సభ్యులు, నెలనెలా సమావేశం, అందరికీ కనిపించే లెక్కలు ఉంటే ఇటువంటి సంఘం చక్కగా నడుస్తుంది. మూడు జిల్లాల్లో శాఖలు తెరిచి, కమీషను ఏజెంట్లతో అపరిచితుల నుంచి డిపాజిట్లు సేకరించే ‘మ్యాక్స్’ సంస్థకు దూరంగా ఉండండి.

‘నిధి లిమిటెడ్’, స్త్రీనిధి, చిట్‌ఫండ్... ఇవి కూడా బ్యాంకులేనా?

వీటిలో ఏదీ బ్యాంకు కాదు. ‘నిధి’ కంపెనీల చట్టం కింద నమోదయ్యే సంస్థ, సభ్యుల నుంచే డిపాజిట్లు తీసుకుంటుంది, బీమా లేదు. స్త్రీనిధి 2011లో ఏర్పడిన పరపతి సహకార సమాఖ్య. సమాఖ్యల ద్వారా పొదుపు సంఘాల మహిళలకు రుణాలు ఇవ్వడం దాని పని. చిట్‌ఫండ్ వేరే చట్టం కింద నడుస్తుంది.

సహకార బ్యాంకులు మనకు కొత్తా, పాతవా?

పాతవే. దేశంలో మొదటి సహకార పరపతి సంఘాల చట్టం 1904 నాటిది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1915లో మచిలీపట్నంలో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకుకు పునాది వేశారు. ఆంధ్రా బ్యాంకు ఆ తర్వాత, 1923లో వచ్చింది. ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, జిల్లా సహకార బ్యాంకు ఇప్పటికీ నడుస్తోంది. 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి ముందుండి స్థాపించిన ములుకనూరు సహకార గ్రామీణ పరపతి, మార్కెటింగ్ సంఘం ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. అప్పు, ఎరువు, విత్తనం, పంట అమ్మకం అన్నీ ఒకేచోట చేసిపెట్టి దేశానికే ఉదాహరణగా నిలిచింది. అక్కడ రైతు పంట సంఘానికే అమ్ముతాడు, అప్పు ఆ సొమ్ములోంచే తీరుతుంది. వసూలు కోసం ఇంటికి మనిషిని పంపే పని తక్కువ.

## డబ్బు వేసేటప్పుడు

బ్యాంకు మునిగితే నా డబ్బు ఎంతవరకు భద్రం?

లైసెన్సు ఉన్న ఏ సహకార బ్యాంకులోనైనా ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు డీఐసీజీసీ బీమా ఉంటుంది. స్టేట్ బ్యాంకులో ఉన్న బీమా కూడా ఇంతే. 2020 ఫిబ్రవరి 4కు ముందు ఇది లక్ష రూపాయలే. ప్రీమియం బ్యాంకు కడుతుంది, మీ ఖాతాలోంచి కోయకూడదు.

ఒకే బ్యాంకులో మీ పేరున ఉన్న పొదుపు ఖాతా, కరెంటు ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్లు అన్ని శాఖల్లోనూ కలిపి లెక్కిస్తారు. 4,80,000 డిపాజిట్ మీద 35,000 వడ్డీ పేరుకుంటే మొత్తం 5,15,000. బీమా కింద వచ్చేది 5 లక్షలే. అందుకే చివరి రూపాయి వరకు నింపకుండా వడ్డీకి చోటు వదిలి వేయండి. ఆ బ్యాంకుకు మీరు బాకీ ఉంటే దాన్ని మినహాయించుకునే చెల్లిస్తారు.

నా పేరున, భార్యాభర్తల పేరున, పిల్లల పేరున వేస్తే బీమా విడివిడిగా వస్తుందా?

వస్తుంది, హోదా వేరైతే. మీ ఒక్కరి పేరున ఉన్నవి ఒక లెక్క. భార్యాభర్తల ఉమ్మడి ఖాతా ఇంకో లెక్క. మైనరు బిడ్డకు సంరక్షకుడిగా తెరిచినది మరో లెక్క. భాగస్వామ్య సంస్థ ఖాతా వేరు. ప్రతి లెక్కకూ 5 లక్షల వరకు విడి రక్షణ ఉంటుంది. ఒకే హోదాలో, ఒకే పేరున పది రసీదులు రాయించుకున్నా ఉపయోగం లేదు, పదీ కలిపే చూస్తారు.

పక్క బ్యాంకు కంటే రెండు శాతం ఎక్కువ వడ్డీ ఇస్తామంటున్నారు. వేయమంటారా?

అర శాతం, ముప్పావు శాతం ఎక్కువ ఇవ్వడం చిన్న సహకార బ్యాంకుల్లో మామూలే, పెద్దవాళ్లకు ఇంకొంచెం కలుపుతారు. అంతకు మించితే ఆగి ఆలోచించండి. డిపాజిట్ మీద పన్నెండు శాతం ఇచ్చే సంస్థ ఆ డబ్బును పదిహేడు, పద్దెనిమిది శాతానికి అప్పివ్వాలి. అంత వడ్డీకి అప్పు తీసుకునేది బయట ఎక్కడా పుట్టనివారే. వారిలో ఎంతమంది తిరిగి కడతారో ఊళ్లో మీకే తెలుసు. పదవీ విరమణ డబ్బు, ఆడపిల్ల పెళ్లికి దాచిన డబ్బు ఇటువంటి చోట పెట్టకండి.

రోజూ దుకాణానికి వచ్చి వసూలు చేసే ఏజెంటుకు డబ్బు ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు, పిగ్మీ డిపాజిట్ చిరువ్యాపారికి మంచి అలవాటు. సాయంత్రం గల్లా మూసే వేళకు ఏజెంటు వస్తాడు, వంద రూపాయలు తీసుకుని చేతియంత్రంలో అంకెలు కొడతాడు, చిన్న చీటీ బయటికొస్తుంది. ఆ చీటీలో మీ ఖాతా సంఖ్య, ఆ రోజు కట్టినది, మొత్తం నిల్వ మూడూ ఉండాలి. నెలకొకసారి చీటీలతో శాఖకు వెళ్లి పాసుపుస్తకం ముద్రించుకుని పోల్చి చూడండి. ‘యంత్రం పాడైంది, రేపు కొడతాను’ అన్న రోజున డబ్బు ఇవ్వకండి.

యూపీఐ, ఏటీఎం కార్డు ఉంటాయా?

చాలా అర్బన్ బ్యాంకుల్లో ఉన్నాయి, కొన్నింటిలో లేవు. చిన్న బ్యాంకులు పెద్ద బ్యాంకు ద్వారా చెల్లింపుల వ్యవస్థలో చేరతాయి కాబట్టి కొన్నిచోట్ల ఐఎఫ్ఎస్‌సీ కోడ్ కూడా ఆ పెద్ద బ్యాంకుదే ఉంటుంది. రోజువారీ లావాదేవీలు మీకు ముఖ్యమైతే ఖాతా తెరిచే ముందే అడగండి. పట్టణ బ్యాంకులకు సాంకేతిక, ఆర్థిక ఆసరా ఇవ్వడానికి 2024 మార్చిలో ఒక జాతీయ గొడుగు సంస్థ మొదలైంది. ఈ లోటు తీరుతుందన్న ఆశ నాకుంది.

వడ్డీ మీద పన్ను కోస్తారా?

సహకార బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితే, పెద్దవాళ్లకు లక్ష దాటితే, పన్ను మినహాయిస్తారు. 2025 ఏప్రిల్ నుంచి ఇవే పరిమితులు. మీ మొత్తం ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే ఏప్రిల్‌లోనే స్వీయ ప్రకటన పత్రం ఇవ్వండి.

నామినీ పేరు తప్పనిసరా?

రాయకపోయినా ఖాతా నడుస్తుంది, ఇబ్బంది మీ ఇంట్లోవాళ్లకు. నామినీ లేకపోతే వారసత్వ పత్రాలు, హామీ పత్రాలు అంటూ నెలలు గడుస్తాయి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కు నలుగురి వరకు నామినీలుగా పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయవచ్చు. పాత రసీదు మీద చనిపోయినవారి పేరే నామినీగా ఉండిపోవడం తరచుగా చూస్తుంటాం. ఇంట్లో ఉన్న రసీదులన్నీ ఒకసారి తీసి చూడండి.

## సభ్యత్వం, అప్పు

అప్పు అడిగితే వాటాలు కొనమంటున్నారు. ఇది మోసమా?

మోసం కాదు. సహకార బ్యాంకు తన సభ్యులకే అప్పిస్తుంది. అప్పులో కొంత భాగం వాటాధనంగా పెట్టమంటారు. తనఖా ఉన్న అప్పుకు రెండున్నర శాతం, తనఖా లేనిదానికి 5 శాతం అన్నది చాలాకాలంగా ఉన్న లెక్క. తనఖా లేకుండా లక్ష తీసుకుంటే 5,000 వాటాకు పోతుంది. అప్పు తీరాక ఆ డబ్బు ముఖవిలువకు వెనక్కి అడగవచ్చు, కానీ బ్యాంకు మూలధన స్థితి బాగుంటేనే ఇవ్వగలదు. వాటాధనం డిపాజిట్ కాదు, దానికి బీమా లేదు. చేతికెంత వస్తుందో లెక్కేసుకున్నాకే సంతకం పెట్టండి.

నామమాత్రపు సభ్యుడికి, పూర్తి సభ్యుడికి తేడా ఏమిటి?

నామమాత్రపు సభ్యుడికి ఓటు లేదు, డివిడెండు లేదు. పూర్తి సభ్యుడికి ఈ రెండూ ఉంటాయి. ఎన్ని వాటాలున్నా ఓటు ఒక్కటే. లక్ష వాటాధనం ఉన్న షావుకారుకూ వెయ్యి ఉన్న కుట్టుపని మహిళకూ మహాజన సభలో సమానమైన చెయ్యే లేస్తుంది.

మా బావమరిది అప్పుకు జామీను సంతకం పెట్టమంటున్నాడు. పేరుకేనట, నిజమేనా?

‘పేరుకే’ అన్నది ఎక్కడా లేదు. చట్టం ప్రకారం జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. అతను కట్టకపోతే బ్యాంకు నేరుగా మిమ్మల్నే అడగవచ్చు, ముందు అతని ఆస్తి అమ్మి చూడాలన్న నియమం లేదు. మీ క్రెడిట్ చరిత్ర కూడా దెబ్బతింటుంది. తనఖా ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం సహకార బ్యాంకులకూ వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. సంతకం పెట్టేముందు ఆ అప్పు మీరే కట్టాల్సివస్తే కట్టగలరా అని ఆలోచించండి. కట్టలేకపోతే బంధుత్వం చెడినా సరే, వద్దని చెప్పండి. తర్వాత చెడేది అంతకంటే ఎక్కువ.

బంగారం కుదువ పెడితే ఎంత ఇస్తారు?

వినియోగ అవసరాలకు తీసుకునే అప్పుకు రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనల్లో మూడు మెట్లున్నాయి. రెండున్నర లక్షల వరకు బంగారం విలువలో 85 శాతం, 5 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం మించకూడదు. 2026 ఏప్రిల్ 1 నాటికి అన్ని బ్యాంకులూ వీటిని అమలు చేయాలి. తూకం మీ ఎదుటే వేయాలి, రాళ్ల బరువు తీసేసి నికర బరువు రసీదులో రాయాలి. అప్పు తీరాక ఏడు పనిదినాల్లో నగలు తిరిగి ఇవ్వకపోతే, తప్పు బ్యాంకుదైతే, రోజుకు 5,000 రూపాయలు మీకు చెల్లించాలి.

పంట రుణం సంఘంలో తీసుకోవాలా, బ్యాంకులోనా?

వడ్డీ రెండుచోట్లా ఒకటే: 3 లక్షల వరకు 7 శాతం, గడువులోగా కడితే 3 శాతం తగ్గి 4 శాతం. ఎరువులు, విత్తనాలు కూడా సంఘంలోనే దొరుకుతుంటే సంఘమే సౌకర్యం. గడువు తేదీని గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. ఒక్క రోజు దాటినా రాయితీ పోతుంది.

అప్పు తీర్చేశాను. ఇంటి పత్రాలు ఇవ్వకుండా తిప్పుతున్నారు.

పూర్తిగా చెల్లించిన 30 రోజుల్లోగా అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలి. ఆలస్యం బ్యాంకు వల్లే అయితే రోజుకు 5,000 చొప్పున పరిహారం ఇవ్వాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఇది సహకార బ్యాంకులకూ వర్తిస్తుంది. ఈ మాట లిఖితపూర్వకంగా రాసి, నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. చాలాచోట్ల ఆ ఒక్క కాగితంతోనే బీరువా తెరుచుకుంటుంది.

డైరెక్టరు మా బంధువు. ఆయన చెబితే అప్పు తొందరగా వస్తుందా?

ఆయన దగ్గరి బంధువైతే అసలు రాదు. 2003 నుంచి పట్టణ సహకార బ్యాంకులు తమ డైరెక్టర్లకు, వారి బంధువులకు, వారికి ప్రయోజనం ఉన్న సంస్థలకు అప్పివ్వడాన్ని రిజర్వు బ్యాంకు నిషేధించింది. 2001లో హైదరాబాదులో కృషి బ్యాంకు, అహ్మదాబాదులో మాధవపుర బ్యాంకు కూలిన నాటి అనుభవం దీని వెనక ఉంది. ఆ రోజుల్లో కౌంటర్ల ముందు నిలబడ్డవారికి బీమా లక్ష రూపాయలే.

అమెరికాలో మా అమ్మాయి క్రెడిట్ యూనియన్‌లో ఖాతా తెరిచిందట. అది మన సొసైటీ లాంటిదా?

ఆలోచన ఒకటే, రక్షణ వేరు. అక్కడా సభ్యులే యజమానులు, ఒకరికి ఒకే ఓటు. ఒకే సంస్థ ఉద్యోగులో, ఒకే ప్రాంతం వారో సభ్యులవుతారు. ఫెడరల్ క్రెడిట్ యూనియన్లలో ఒక్కో సభ్యుడికి 2,50,000 డాలర్ల వరకు ప్రభుత్వ సంస్థ ఎన్‌సీయూఏ బీమా ఇస్తుంది. మన పరపతి సంఘాలకు అటువంటిదేమీ లేదు. ఈ లోటు తీర్చాల్సిన బాధ్యత మన ప్రభుత్వాలదే అని నా అభిప్రాయం.

## సభ్యులయ్యాక

మహాజన సభకు రమ్మని కార్డు వచ్చింది. వెళ్లి ఏం చేయాలి?

తప్పకుండా వెళ్లండి. ఏటా సెప్టెంబరు నెలాఖరులోగా ఈ సభ జరుగుతుంది. మామూలుగా కల్యాణమండపంలో రెండు గంటల కార్యక్రమం: దీపం, శాలువాలు, అధ్యక్షుడి ప్రసంగం, ‘లెక్కలు ఆమోదించినట్టేనా’ అన్న ప్రశ్న, చప్పట్లు, భోజనం. ఆ ప్రశ్నకూ చప్పట్లకూ మధ్య అర నిమిషం ఉంటుంది. లేచి నిలబడి మాట్లాడాల్సింది అప్పుడే. మొండి బకాయిలు నిరుటి కంటే ఎందుకు పెరిగాయి? అతిపెద్ద పదిమంది రుణగ్రహీతల వద్ద మొత్తం అప్పులో ఎంత శాతం ఉంది? ఆడిటరు ఇచ్చిన గ్రేడు ఏది? పేర్లు చెప్పలేమని అనవచ్చు, శాతాలు చెప్పవచ్చు. అడిగింది మినిట్స్‌లో రాయమనండి.

సభలో ఇద్దరు ముగ్గురు లెక్కలు అడుగుతారని తెలిసిన పాలకవర్గం ఏడాది పొడవునా జాగ్రత్తగా ఉంటుంది. ఊరి బ్యాంకుకు దీన్ని మించిన కాపలా నాకు తెలిసి లేదు.

వార్షిక నివేదిక అర్థం కావడం లేదు. ఏవి చూడాలి?

మూడు అంకెలు చూడండి. మొదటిది స్థూల మొండి బకాయిల శాతం. ఉదాహరణకు బ్యాంకు ఇచ్చిన అప్పులు 80 కోట్లు, అందులో వడ్డీగానీ అసలుగానీ మూడు నెలలకు పైగా రానివి 4 కోట్లు అనుకుంటే అది 5 శాతం. ఒక్క ఏడాది అంకె చూసి తేల్చకండి, మూడేళ్లవి పక్కపక్కన రాసుకోండి. 3, 5, 9 అని పెరుగుతుంటే ఏదో జరుగుతోంది.

రెండోది మూలధన నిష్పత్తి, అంటే అప్పులు మునిగితే తట్టుకోవడానికి బ్యాంకుకు సొంత సొమ్ము ఏపాటి ఉందో చెప్పే అంకె. డిపాజిట్లు 100 కోట్ల లోపున్న చిన్న పట్టణ బ్యాంకులకు కనీసం 9 శాతం ఉండాలి, అంతకంటే పెద్దవాటికి 12 శాతం.

మూడోది డిపాజిట్లతో పోలిస్తే అప్పులు ఎంత అన్నది. వంద డిపాజిట్‌కు యాభై మాత్రమే అప్పిచ్చిన బ్యాంకు ఊరి డబ్బును బయటికి పంపి నిద్రపోతోంది. తొంభై దాటితే చేతిలో నగదు బిగుసుకుంటోందని అర్థం.

చివరి పుటల్లో ఆడిటరు ‘గమనిక’లు ఉంటాయి. అందరూ దాటవేసే ఆ పుటలనే ముందు చదవండి.

మా నాన్నగారి పేరున పాత వాటా పత్రం, డిపాజిట్ రసీదు దొరికాయి. ఇప్పుడు చెల్లుతాయా?

చెల్లుతాయి. పదేళ్లు ఎవరూ ముట్టని డిపాజిట్‌ను బ్యాంకు రిజర్వు బ్యాంకు నిధికి బదిలీ చేస్తుంది, అయినా మీ హక్కు పోదు. అదే బ్యాంకులో దరఖాస్తు చేస్తే ఇస్తారు. బ్యాంకు విలీనమై ఉంటే విలీనమైన బ్యాంకులో అడగండి. మరణ ధ్రువపత్రం, మీ గుర్తింపు పత్రం, రసీదు నకలు తీసుకెళ్లండి. వాటా పత్రం నామినీకి లేదా వారసులకు చెందుతుంది. ఎన్నేళ్లయినా అది ముఖవిలువకే, షేర్ మార్కెట్ వాటాలా పెరిగి ఉండదు.

## ఏదైనా తేడా వస్తే

బ్యాంకు మునిగిపోతోందని వాట్సాప్‌లో వచ్చింది. వెంటనే తీసేయాలా?

ముందు రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో పత్రికా ప్రకటనలు చూడండి. ఆంక్షలు, లైసెన్సు రద్దు, జరిమానా అన్నీ అక్కడ వస్తాయి. జరిమానా పడిందంటే మునిగిందని కాదు, పెద్ద బ్యాంకులకూ తరచూ పడుతుంది. మీ డబ్బు 5 లక్షల లోపుంటే పుకారు విని గడువుకు ముందే డిపాజిట్ విరగ్గొట్టి వడ్డీ నష్టపోవాల్సిన పని లేదు. అంతకు మించి ఉంటే మిగతాది వేరే బ్యాంకుకు మార్చుకోవడం పుకారు లేనప్పుడు కూడా చేయాల్సిన పనే.

రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టింది. డబ్బు ఎప్పుడొస్తుంది?

2019 సెప్టెంబరులో ముంబయిలోని పీఎంసీ బ్యాంకు మీద ఆంక్షలు పెట్టినప్పుడు మొదట ఆరు నెలలకు వెయ్యి రూపాయలే తీసుకోనిచ్చారు. ఆ బ్యాంకు అప్పుల్లో మూడింట రెండొంతులకు పైగా ఒకే రియల్ ఎస్టేట్ సంస్థకు పోయాయి. ఆ డిపాజిటర్ల కష్టం చూశాకే 2021లో చట్టం మారింది. ఇప్పుడు ఆంక్షలు పెట్టిన 90 రోజుల్లోగా బీమా మొత్తం, అంటే 5 లక్షల వరకు, అడిగినవారికి అందాలి. బ్యాంకు ఇచ్చే సమ్మతి పత్రం నింపి, మీ పేరున మరో బ్యాంకులో ఉన్న ఖాతా వివరాలు ఇవ్వాలి. గడువు చూసుకుని వెంటనే ఇవ్వండి.

2024 నవంబరులో విజయవాడలోని దుర్గా కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు లైసెన్సు రద్దయినప్పుడు 95 శాతానికి పైగా డిపాజిటర్లకు వారి మొత్తం సొమ్ము బీమా కిందే వస్తుందని రిజర్వు బ్యాంకు ప్రకటించింది. నష్టం మిగిలేది 5 లక్షలు దాటి పెట్టినవారికి, వాటాదారులకు.

బ్యాంకు మీద ఫిర్యాదు ఎవరికి చేయాలి?

మొదట బ్యాంకుకే, రాతపూర్వకంగా. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా సరిగా లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి. డిపాజిట్లు 50 కోట్లు దాటిన పట్టణ సహకార బ్యాంకులన్నీ దీని పరిధిలో ఉన్నాయి. 2025 నవంబరు 1 నుంచి రాష్ట్ర, జిల్లా సహకార కేంద్ర బ్యాంకులనూ చేర్చారు. ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. 14448 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

సొసైటీ తలుపులు మూసేసింది. ఎక్కడికి వెళ్లాలి?

రిజర్వు బ్యాంకుకు వెళ్లి లాభం లేదు, అది వారి పరిధి కాదు. 1964 చట్టం కింద నమోదైన సంఘమైతే జిల్లా సహకార అధికారికి ఫిర్యాదు ఇచ్చి, సెక్షన్ 51 కింద విచారణ కోరండి. నిధులు దుర్వినియోగమైతే బాధ్యుల నుంచి రాబట్టేందుకు సెక్షన్ 60 ఉంది. 1995 నాటి మ్యాక్స్ చట్టం కింద నమోదైతే సహకార ట్రిబ్యునల్ దారి. డిపాజిటర్లను మోసం చేసిన సంస్థల ఆస్తులు జప్తు చేసేందుకు 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం ఉంది, దానికి పోలీసు ఫిర్యాదు కావాలి. పలు రాష్ట్రాల్లో పనిచేసే సొసైటీలైతే ఢిల్లీలోని కేంద్ర రిజిస్ట్రార్ కిందకు వస్తాయి. సహారా గ్రూపు నాలుగు సొసైటీల డిపాజిటర్ల కోసం 2023 జులైలో వాపసు పోర్టల్ తెరిచింది ఆ కార్యాలయమే, అదీ సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత.

ఒక్కొక్కరుగా తిరగకండి. డిపాజిటర్లంతా ఒక జాబితా తయారుచేసి, రసీదుల నకళ్లతో కలిసి వెళ్లండి. అసలు రసీదు ఎవరికీ, సొసైటీ వాళ్లకు కూడా, ఇచ్చేయకండి.

బ్యాంకు లైసెన్సు రద్దయింది కదా, నేను తీసుకున్న అప్పు కట్టాలా?

కట్టాలి. బ్యాంకు స్థానంలో లిక్విడేటరు, అంటే మూతపడ్డ బ్యాంకు ఆస్తులు, బాకీలు తేల్చే అధికారి వస్తారు, వాయిదాలు వారికి చెల్లించాలి. ఆపితే వడ్డీ పెరుగుతుంది, జామీనుదారులకు నోటీసులు వెళతాయి, 5 లక్షలు దాటి డిపాజిట్ చేసినవారికి తిరిగి రావాల్సిన సొమ్ము కూడా ఈ వసూళ్లలోంచే రావాలి. మీకు అదే బ్యాంకులో డిపాజిట్ ఉంటే సర్దుబాటు చేయమని లిఖితపూర్వకంగా కోరండి. ప్రతి చెల్లింపుకూ లిక్విడేటరు కార్యాలయం ముద్ర ఉన్న రసీదు తీసుకోండి, చివరలో బాకీ లేదన్న పత్రం, మీ అసలు పత్రాలు కలిపి ఒకేసారి అడగండి.